విదేశీ యాత్ర ముగిశాక బైకును ఇంటికి తెచ్చే సేవలు: ఓడ, విమానం, నేపాల్ దారి

వెళ్లే దారి గురించి అందరూ నెలల తరబడి లెక్కలు వేస్తారు. వచ్చే దారి దగ్గరికొచ్చేసరికి ‘షిప్పింగ్’ అని ఒక గీత గీసి, పక్కన ఫోన్లో విన్న అంకె ఒకటి వేసి ఊరుకుంటారు. ఆ అంకె నిలబడదు. యూరప్‌లోనో మలేషియాలోనో బైకును అప్పగించేటప్పుడు చెప్పే ధర సగం కథే. మిగతా సగం చెన్నై గోడౌన్లో డెలివరీ ఆర్డర్ (సరుకు విడుదల పత్రం) చేతికొచ్చాక తెలుస్తుంది. అందుకే బయల్దేరే రేవులో ఎంత అడిగారన్నది ఇక్కడ ప్రధానం కాదు. దిగే చోట ఎంతయింది, ఎన్నాళ్లు పట్టింది, బండి ఏ స్థితిలో చేతికొచ్చింది అన్న మూడింటి మీదే ఈ సేవల్ని తూచాం.

ఇక్కడ మాట్లాడేది మన నంబరు ప్లేటున్న బండి గురించే. ఏపీ, టీఎస్, టీజీ రిజిస్ట్రేషన్‌తో కార్నెట్ (సుంకం కట్టకుండా బండిని తాత్కాలికంగా దేశాలు దాటించే కస్టమ్స్ పుస్తకం) మీద దేశం దాటి, తిరిగి అదే యజమాని పేరున వచ్చే మోటార్‌సైకిల్. విదేశంలో కొన్న బండిని దిగుమతి చేసుకోవడం పూర్తిగా వేరే వ్యవహారం. దాని సుంకాలు, నిబంధనలు దీనికి వర్తించవు.

ముందు మా తీర్పు. థాయ్‌లాండ్, మలేషియా వైపు నుంచి వచ్చేవాళ్లకు మలేషియా రేవు పోర్ట్ క్లాంగ్ నుంచి చెన్నైకి ఓడే సరైన దారి. యూరప్ నుంచి ఒక్క బండే వస్తుంటే, పెట్టె చిన్నగా కట్టగలిగితే, విమానం కోట్ కూడా తప్పకుండా తీసుకోండి. అనుకున్నంత దూరంలో ఉండదు. మధ్య ఆసియా, చైనా మీదుగా వచ్చే బృందాలకు నేపాల్ దారి అన్నిటికంటే తృప్తినిస్తుంది, కానీ వర్షాకాలంలో దాన్ని నమ్ముకోకూడదు.

ఓడ సంగతి ముందు చూద్దాం. ఒక్క బండికి ఎవరూ మొత్తం కంటెయినర్ తీసుకోరు. ఎల్‌సీఎల్ అంటే పదిమంది సరుకుతో కలిపి ఒకే కంటెయినర్లో వేస్తారు. దీనికి ఛార్జీ ఘనపు మీటరుకు గానీ వెయ్యి కిలోలకు గానీ, ఏది ఎక్కువైతే దానికి. బైకు బరువు రెండు వందల కిలోల చుట్టూ ఉంటుంది కాబట్టి మనకు ఎప్పుడూ ఘనపరిమాణమే లెక్క. అంటే పెట్టె ఎంత చిన్నదైతే అంత మిగులు. హిమాలయన్ 450ని ఉదాహరణగా తీసుకోండి. బండి పొడవు దాదాపు 2.25 మీటర్లు, వెడల్పు 0.85, ఎత్తు 1.3. ఉన్నదున్నట్టుగా పెట్టెలో దింపితే బయటి కొలతలు 2.35 × 0.95 × 1.4 అవుతాయి. అంటే 3.13 ఘనపు మీటర్లు. ముందు చక్రం, విండ్‌స్క్రీన్, అద్దాలు విప్పి, హ్యాండిల్ క్లాంపు వదులు చేసి ట్యాంకు మీదికి వంచితే 2.0 × 0.8 × 1.2లో సర్దుకుంటుంది. అది 1.92. ఒక గంట పనికి దాదాపు 1.2 ఘనపు మీటర్లు తగ్గాయి. ఓడలో ఇది ఒక మోస్తరు లాభం. విమానంలో చాలా పెద్ద లాభం. ఆ సంగతి తర్వాత.

ముందు చక్రం విప్పినప్పుడు ఎక్కువమంది మరిచిపోయే పని ఒకటుంది. బ్రేకు ప్యాడ్ల మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న చెక్క ముక్కో అట్టముక్కో పెట్టి, జిప్ టైతో కట్టేయాలి. రవాణాలో ఎవరైనా బ్రేకు లివర్ నొక్కితే డిస్కు లేని క్యాలిపర్‌లో పిస్టన్లు బయటికి తోసుకొచ్చి ప్యాడ్లు రెండూ అతుక్కుపోతాయి. గోడౌన్ ఎండలో నిలబడి స్క్రూడ్రైవర్‌తో వాటిని వెనక్కి నెట్టాల్సి వస్తుంది. ఒక్కోసారి సీలు కూడా పోతుంది. ఫోర్కు కింది భాగాన్ని యాక్సిల్‌తోనే పెట్టె అడుగున ఉన్న బ్రాకెట్‌కు బిగించడం మేలు. పట్టీలు హ్యాండిల్‌కు వేయనివ్వకండి. ఫోర్కును పట్టి ఉంచే కింది ట్రిపుల్ క్లాంపుకు వేసి, వెనకాల పిలియన్ ఫుట్‌రెస్టు బ్రాకెట్ల దగ్గర కట్టమనండి. చక్రం విప్పకుండా పంపుతుంటే ముందు సస్పెన్షన్‌ను సగం వరకే అణచాలి. పూర్తిగా అణచి నెల రోజులు వదిలేస్తే ఫోర్కు సీళ్లు కారడం మొదలవుతుంది.

పెట్టె దేనితో చేశారన్నదీ ముఖ్యమే. ముడి చెక్కయితే దాని మీద ఐఎస్‌పీఎం 15 (చెక్కలో పురుగులు లేకుండా శుద్ధి చేయాలన్న అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర ఉండాలి. గోధుమ కంకి లాంటి గుర్తు, దేశం కోడ్, పక్కన హెచ్‌టీ అనో ఎంబీ అనో అక్షరాలు. హెచ్‌టీ అంటే చెక్క లోపలి భాగం 56 డిగ్రీల వేడిలో కనీసం అరగంట ఉందని అర్థం, ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించారని. ముద్ర లేని చెక్కతో వస్తే ఇక్కడ ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు ఆపుతారు. ఆ ఆలస్యానికి గోడౌన్ అద్దె మీ మీదే పడుతుంది. ప్లైవుడ్‌కు ఈ నిబంధన లేదు. ఇనుప ఫ్రేముకూ లేదు. కొత్త బళ్లు షోరూముకు వచ్చే ఇనుప ఫ్రేములు యూరప్‌లోనూ మలేషియాలోనూ డీలర్ల వెనకపెరట్లో పడి ఉంటాయి. అడిగితే చాలాచోట్ల ఇచ్చేస్తారు. ముడి చెక్క కంటే అదే నయం.

ఇక కోట్. ఎల్‌సీఎల్ వ్యాపారంలో ఉన్న అసలు చిక్కు ఇది: బయల్దేరే చోట ధర కారుచౌకగా చూపిస్తారు, ఆ లోటును దిగే చోట పూడ్చుకుంటారు. బండి మీ పేరున చెన్నైలో దిగాక బేరమాడే అవకాశం మీకు ఉండదు. డెలివరీ ఆర్డర్ ఫీజు, టెర్మినల్ హ్యాండ్లింగ్, కంటెయినర్ విప్పే ఛార్జీ, సీఎఫ్‌ఎస్ (రేవు బయటి కంటెయినర్ గోడౌన్) హ్యాండ్లింగ్, డాక్యుమెంటేషన్, వీటి మీద జీఎస్‌టీ. ఒక్కొక్కటి చిన్నదే, అన్నీ కలిస్తే సముద్రం దాటిన ఛార్జీని మించిపోతుంది. కోట్ అడిగేటప్పుడే ‘గమ్యస్థానంలో అన్ని ఛార్జీలూ రూపాయల్లో, ఘనపు మీటరుకు ఎంత, కనీస ఛార్జీ ఎంత, గోడౌన్ అద్దె ఎన్ని రోజులు ఉచితం’ అని ఈమెయిల్లో రాయించుకోండి. ఫోన్లో చెబుతామనే ఫార్వర్డర్‌ను (సరుకు రవాణా ఏజెంటును) పక్కన పెట్టేయండి. రాసివ్వగలిగినవాడు రేటు కొంచెం ఎక్కువ చెప్పినా అతనికే ఇవ్వండి.

బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు పత్రం) డ్రాఫ్టు వచ్చినప్పుడు అక్షరం అక్షరం చదవాలి. కన్సైనీ (సరుకు అందుకునే మనిషి) పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా మన పేర్లలో మామూలు. అదే తేడా ఐజీఎంలో (ఓడ కస్టమ్స్‌కు ఇచ్చే సరుకు జాబితాలో) పడితే దిద్దించడానికి రెండు మూడు రోజులు పోతాయి. సరుకు వివరంలో ‘వాడిన మోటార్‌సైకిల్, తాత్కాలికంగా ఎగుమతి చేసినది, తిరిగి దిగుమతి’ అని రాసి, ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, కార్నెట్ నంబరు మూడూ వేయించాలి. ఒరిజినల్ కాగితం కొరియర్లో తిరిగే పని లేకుండా టెలెక్స్ రిలీజ్ అడగండి. పెట్టెలో బండి, దాని ప్యానియర్లు (పక్కన తగిలించే సామాను పెట్టెలు), టూల్స్ తప్ప ఇంకేమీ పెట్టొద్దు. దారిలో కొన్న హెల్మెట్లు, జాకెట్లు, కానుకలు ప్యానియర్లలో కుక్కితే ప్యాకింగ్ లిస్టుకూ పెట్టెకూ పొంతన కుదరదు, పరీక్ష పొడుగవుతుంది. అవన్నీ మీతోపాటు విమానంలో రావాలి. స్టవ్ గ్యాసు డబ్బాలు, చైన్ లూబ్ స్ప్రేలు, పవర్ బ్యాంకులు అసలే ఉండకూడదు. అవి ప్రమాదకర సరుకు కింద విడిగా ప్రకటించాల్సినవి.

ఎన్నాళ్లు? పోర్ట్ క్లాంగ్ నుంచి చెన్నైకి సముద్రం మీద వారం లోపే. యూరప్ నుంచి వచ్చేవి తరచూ కొలంబోలోనో సింగపూర్లోనో ఓడ మారతాయి. 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు సూయజ్ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగొచ్చాయి. అలా వస్తే పది పద్నాలుగు రోజులు అదనం. కంటెయినర్ నిండే దాకా ఎదురుచూపు, ఓడ మార్పు అన్నీ కలుపుకుంటే యూరప్ నుంచి రెండు నెలలు పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. కార్నెట్ గడువు ఏడాది మాత్రమే. యాత్ర పదకొండో నెలలో ముగించి ఓడెక్కిస్తే సముద్రం మీదే గడువు తీరిపోతుంది. పొడిగింపు గడువు లోపలే అడగాలి. తీరాక అడిగితే మెడకు చుట్టుకుంటుంది.

బీమా విషయంలో ఒక్క మాట. ‘మా దగ్గర ఏ బండీ పాడవలేదు’ అని ఫార్వర్డర్ చెప్పినా ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజెస్ ‘ఎ’ రకం పాలసీ తీసుకోండి. పడిపోవడం, గీరుకుపోవడం కోసం మాత్రమే కాదు. ఓడకు పెద్ద ప్రమాదం జరిగి యజమాని ‘జనరల్ యావరేజ్’ ప్రకటిస్తే, మీ సరుకుకు ఏమీ కాకపోయినా ఆ నష్టంలో మీ వాటా కట్టాకే వదులుతారు. 2021లో సూయజ్‌లో అడ్డంగా చిక్కుకున్న ఎవర్ గివెన్ విషయంలో జరిగింది అదే. పాలసీ ఉంటే ఆ హామీ బీమా కంపెనీ ఇస్తుంది.

రేవు ఎంపికలో మా ఓటు చెన్నైకి. విజయవాడ 450 కిలోమీటర్లు, హైదరాబాద్ 630 చుట్టూ. ముంబయి పక్కనున్న నవశేవ రేవుకు ఓడలు ఎక్కువ, ఎల్‌సీఎల్ ఎక్కువ, కార్నెట్ ఇచ్చే వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ కూడా ముంబయి చర్చ్‌గేట్‌లోనే. తెలంగాణ పడమటి జిల్లాల వాళ్లకు అది కూడా సరే. అయితే అక్కడి నుంచి పుణె వైపు వచ్చేటప్పుడు ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు, ఖోపోలీ, లోనావాలా మీదుగా పాత రోడ్డే. హైదరాబాద్ సనత్‌నగర్ ఐసీడీ (లోతట్టు కంటెయినర్ డిపో) దాకా ఒకే త్రూ బిల్ వేయించుకుంటే ఇంటి పక్కనే కస్టమ్స్ అవుతుందన్న ఆలోచన బాగుంటుంది. కానీ రైలు కోసం రేవులో ఆగే రోజులు, అదనపు హ్యాండ్లింగ్ కలిపితే చెన్నైలో దింపుకుని నడుపుకుంటూ రావడమే త్వరగా అవుతుంది. పైగా యాత్ర చివరి మజిలీ రోడ్డు మీద అయితేనే కదా సంతోషం.

కస్టమ్స్ దగ్గర అధికారి చూసేది ఒకటే: వెళ్లిన బండే తిరిగొచ్చిందా? దేశం దాటేటప్పుడు కార్నెట్ మీద మన కస్టమ్స్ ముద్ర వేయించుకున్నవాళ్లకు, లేదా షిప్పింగ్ బిల్ (ఎగుమతి కస్టమ్స్ పత్రం) ప్రతి ఉన్నవాళ్లకు ఇది తేలిక. ఆ ఆధారం లేకుండా వచ్చేవాళ్లదే అసలు అవస్థ. బండి ఎప్పుడు ఎలా బయటికి పోయిందో నిరూపించలేకపోతే అది కొత్తగా దిగుమతి అవుతున్నట్టే కాగితం మీద కనిపిస్తుంది. ఆర్‌సీ అసలు కాగితం వెంట ఉండాలి, ఫోన్లో బొమ్మ చాలదు. హ్యాండిల్ కింద ఫ్రేము మెడ (హెడ్‌స్టాక్) మీద ఛాసిస్ నంబరు దగ్గర బురద, గ్రీజు తుడిచి ఉంచాలి. మరో ముఖ్యమైన సంగతి: దారిలో ఇంజన్ పగిలి క్రాంక్‌కేస్ మార్చి ఉంటే నంబరు మారిపోతుంది. పాత కేస్ మీద నంబరున్న ముక్కను, వర్క్‌షాప్ బిల్లును, కార్నెట్ ఇచ్చిన సంస్థకు రాసిన ఉత్తరాన్ని దాచుకోని వాళ్లు గోడౌన్ ముందు రోజుల కొద్దీ నిలబడాల్సి వస్తుంది.

సీహెచ్‌ఏ, అంటే కస్టమ్స్ బ్రోకర్, ఈ మొత్తం వ్యవహారంలో మీకు అన్నిటికంటే ముఖ్యమైన మనిషి. ఎంపికకు మా కొలమానం సూటిగా ఉంటుంది. ‘కార్నెట్ మీద వచ్చిన వాహనం ఇంతకు ముందు క్లియర్ చేశారా, ఏ రేవులో?’ అని అడగండి. చేయనివాళ్లు దాన్ని మామూలు వాడిన వాహనం దిగుమతిలా మొదలుపెట్టేస్తారు. ఆ మాట ఒకసారి ఫైలు మీదికెక్కాక వెనక్కి తిప్పడం కష్టం. ఓడ చేరడానికి వారం ముందే పాన్, ఆధార్, పాస్‌పోర్టు, కార్నెట్ అన్ని పేజీల స్కాన్, ఆథరైజేషన్ లెటర్ అతని చేతిలో ఉండాలి. ఉచిత రోజులు ఓడ చేరాకో కంటెయినర్ విప్పాకో మొదలవుతాయి, మీరు ఊరు చేరాక కాదు.

విమానం గురించి ఎక్కువమందికి ఉన్న అభిప్రాయం ‘అబ్బో, లక్షలు’ అని. అది పెట్టె కొలత చూడకుండా అన్న మాట. విమానంలో ఘన సెంటీమీటర్లను 6,000తో భాగించి వచ్చిన అంకెనే బరువుగా లెక్కేస్తారు, అసలు బరువు దాని కంటే తక్కువైతే. పైన చెప్పిన పెద్ద పెట్టె దాదాపు 520 కిలోలు లెక్కకొస్తుంది. చిన్న పెట్టె 320. బండి, ఫ్రేము కలిపి అసలు బరువు 250 లోపే ఉన్నా డబ్బు కట్టేది ఆ 320కే. అంటే ముందు చక్రం విప్పితే 200 కిలోల ఛార్జీ మిగిలినట్టు. దీనికి ఓడ వైపున రేవు ఛార్జీలు, రెండు నెలల ఎదురుచూపు, ఆ మధ్యలో మీ రాకపోకలు కలిపి పోల్చండి. అప్పుడు నిర్ణయం మారుతుంది చాలామందికి.

విమానంలో మోటార్‌సైకిల్ యూఎన్ 3166 కింద తొమ్మిదో తరగతి ప్రమాదకర సరుకు. ప్యాకింగ్ ఇన్‌స్ట్రక్షన్ 950 ప్రకారం పెట్రోలు వీలైనంత తీసేయాలి, మిగిలినా ట్యాంకులో పావు వంతు మించకూడదు. చాలామంది ఏజెంట్లు అంతకంటే కఠినంగా పూర్తిగా ఖాళీ చేయమంటారు. బ్యాటరీని షార్ట్ కాకుండా భద్రపరచాలి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. టెర్మినళ్లకు టేపు చుట్టండి. డేంజరస్ గూడ్స్ డిక్లరేషన్ సంతకం చేసే అర్హత ఉన్న ఏజెంటే కావాలి, మామూలు కార్గో బుకింగ్ ఆఫీసుతో పని జరగదు. ఇంకో లాభం ఉంది. శంషాబాద్ కార్గోకు నేరుగా బుక్ చేస్తే బండి హైదరాబాద్‌లోనే దిగుతుంది. అయితే ఇక్కడ ఉచిత గడువును రోజుల్లో కాదు, గంటల్లో లెక్కపెడతారు. కాగితాలు సిద్ధంగా లేనివాళ్లు విమానంలో పంపొద్దు.

నేపాల్ దారి. భూమార్గాన ఇంటికి రావాలంటే ఇప్పటికి మిగిలింది ఇదొక్కటే అని చెప్పాలి. మయన్మార్‌లో 2021 సైనిక తిరుగుబాటు తర్వాత మణిపూర్‌లోని మోరే దారిని లెక్కలో పెట్టుకునే పరిస్థితి లేదు. పాకిస్థాన్ వైపు అటారీ చెక్‌పోస్టును 2025 ఏప్రిల్‌లో మూసేశారు. చైనా నుంచి టిబెట్ మీదుగా కేరుంగ్–రసువాగఢీ దగ్గర నేపాల్లోకి రావాలి. 2025 జూలై 8న భోటేకోశి వరదకు అక్కడి మైత్రీ వంతెన కొట్టుకుపోయింది. ప్రత్యామ్నాయమైన తాతోపానీ దారి కూడా వానల్లో కొండచరియలు పడి ఆగుతూ ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ దారి మీద ఆధారపడి చైనా ఏజెన్సీకి అడ్వాన్సు కట్టడం మేం సమర్థించం. చైనాలో గైడు, తాత్కాలిక నంబరు, తాత్కాలిక లైసెన్సు తప్పనిసరి. తేదీలు ముందే ఖాయమవుతాయి. సరిహద్దు మూసుకుంటే బండిని అక్కడ వదిలి రావడం కుదరదు. ఖర్చు మనిషికి తగ్గాలంటే బృందంగా వెళ్లాలి. ఒంటరి ప్రయాణికుడికి ఈ దారి ఖర్చు విమానాన్ని దాటిపోతుంది.

ఇన్ని షరతులున్నా ఈ దారికి మేం ఎక్కువ మార్కులు ఎందుకు ఇస్తామంటే, బండి చేతిలోంచి ఒక్కరోజు కూడా జారదు. పెట్టె లేదు, గోడౌన్ లేదు, డెలివరీ ఆర్డర్ లేదు. యూరప్‌లో చాలాచోట్ల, మధ్య ఆసియాలో, చైనాలో కుడివైపు నడిపిన వాళ్లకు ఎడమ వైపు అలవాటు నేపాల్లోనే తిరిగొస్తుంది, మన హైవే ఎక్కేలోపు చేయి కుదురుకుంటుంది. ఒక జాగ్రత్త. సునౌలీలోనో రక్సౌల్‌లోనో జనం, రిక్షాలు, స్కూటర్లు ఆగకుండా దాటిపోతుంటాయి. మన ప్లేటు చూసి మిమ్మల్నీ ఎవరూ ఆపరు. ఇల్లు దగ్గరపడిందన్న ఉత్సాహంలో చాలామంది అలాగే దాటేస్తారు. ఆగి, ముందు నేపాల్ భన్సార్ (కస్టమ్స్) కార్యాలయంలో నిష్క్రమణ ముద్ర, తర్వాత మన ల్యాండ్ కస్టమ్స్ స్టేషన్లో పునఃప్రవేశ ముద్ర, రెండూ వేయించుకోవాలి. అక్కడి సిబ్బంది రోజూ చూసే కాగితం కాదిది. ఓపికగా పేజీ తెరిచి చూపించండి. కార్నెట్ ప్రతి పేజీలో మూడు భాగాలుంటాయి. ఒకటి ప్రవేశంలో చింపుకుంటారు, ఒకటి నిష్క్రమణలో చింపుకుంటారు, మూడోది మీ పుస్తకంలోనే ఉండిపోతుంది. ఆ మూడో ముక్క మీద రెండు ముద్రలూ, తేదీలూ, సంతకాలూ కనబడితేనే ఆ దేశం పేజీ ముగిసినట్టు.

సునౌలీ నుంచి గోరఖ్‌పూర్, వారణాసి, జబల్‌పూర్, నాగ్‌పూర్ మీదుగా హైదరాబాద్ 1,500 నుంచి 1,600 కిలోమీటర్లు. నాగ్‌పూర్ దాటాక ఎన్‌హెచ్ 44 మీద ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి. రోడ్డు బాగుంటుంది, అందుకే వేగం తెలియకుండానే పెరుగుతుంది.

ఓడలో వచ్చిన బండిని పెట్టెలోంచి తీసిన రోజు ఏం చేయాలో కొంచెం వివరంగా చెప్పాలి. చెన్నై గోడౌన్లో ఎవరూ టూల్స్ ఇవ్వరు. సుత్తి, మేకులు పీకే బారు, ముందు యాక్సిల్‌కు సరిపోయే సాకెట్, 10, 12 సైజు స్పానర్లు, అలెన్ కీలు, కాలి పంపు మీ సంచిలో ఉండాలి. పెట్రోలు డబ్బాతో లోపలికి రానివ్వరు. బండిని గేటు బయటికి నెట్టుకొచ్చి పోసుకోవాలి. చక్రం ఎక్కించాక బండి కదిలించక ముందే బ్రేకు లివర్ గట్టిపడే దాకా పదిసార్లు నొక్కండి. ఏబీఎస్ సెన్సార్ వైరు క్లిప్పుల్లో కూర్చుందా, రింగుకు తగలడం లేదా చూడండి. లైటు వెలిగితే భయపడక్కర్లేదు, చక్రం కాస్త వేగంతో తిరిగాకే చాలా బళ్లలో అది ఆరుతుంది. ఆరకపోతే సెన్సార్ దగ్గర చూడాలి. ట్యాంకు ఎండిపోయిన ఇంజెక్షన్ బండిలో వెంటనే స్టార్టర్ నొక్కి బ్యాటరీ తినేయొద్దు. తాళం ఆన్ చేసి పంపు శబ్దం ఆగే దాకా ఉండి, ఆఫ్ చేసి, మళ్లీ ఆన్. నాలుగుసార్లు అలా చేస్తే లైన్లో గాలి పోతుంది, ఒక్క నొక్కుకు అందుకుంటుంది.

రెండు నెలల ఉప్పు గాలికి మొదట దెబ్బతినేది చైను. ఎర్రబడిన లింకుల్ని కిరోసిన్‌తో కడిగి, తుడిచి, లూబ్ వేసి చేత్తో తిప్పి చూడండి. ఏ లింకైనా వంగకుండా బిగుసుకుంటే ఆ చైనుతో 600 కిలోమీటర్లు హైవే మీద రావద్దు. వెనక స్ప్రాకెట్ దగ్గర చైనును వెనక్కి లాగితే పన్ను సగం కంటే ఎక్కువ బయటికి కనిపిస్తే సెట్టు మొత్తం మార్చాలి. చెన్నైలో మౌంట్ రోడ్డు వెనక జనరల్ ప్యాటర్స్ రోడ్డులో విడిభాగాలు దొరకనివి తక్కువ. బ్రేకు ఆయిల్ తేమ పీలుస్తుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ఏడాది కొండలు దిగిన బండిలో ఇది మార్చకుండా బయల్దేరొద్దు. స్పోకుల్ని స్పానర్‌తో తట్టి వినండి, వదులైనది ఖంగుమనదు. హ్యాండిల్ తిప్పేటప్పుడు నడిమధ్యలో గుంతలో పడ్డట్టు ఆగుతుంటే కోన్‌సెట్ (స్టీరింగ్ బేరింగు) పోయినట్టే. అది ఇంటికొచ్చాక మార్చుకోవచ్చు, నిదానంగా నడిపితే. టైర్లు మాత్రం అలా వాయిదా వేసే వస్తువు కాదు.

పెట్రోలు గురించి కూడా. ఇప్పుడు మన బంకుల్లో ఎక్కువగా పోసేది 20 శాతం ఇథనాల్ ఉన్నది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండి అయితే దాని రబ్బరు భాగాలు దీనికోసం చేసినవి కాకపోవచ్చు. ఖాళీ ట్యాంకు లోపల సన్నటి తుప్పు పట్టి ఉంటే ఇథనాల్ దాన్ని కడిగి ఫిల్టర్‌లోకి నెడుతుంది. నెల్లూరు దాటేసరికి బండి లాగడం మానేస్తే ముందు చూడాల్సింది ఫిల్టరే. మొదట ఐదారు లీటర్లే పోయించి, వంద కిలోమీటర్లు చూసి, అప్పుడు నింపుకోండి.

ఇక రోడ్డెక్కే ముందు కాగితాలు. మీరు బయట ఉన్న ఏడాదిలో ఇక్కడి బీమా గడువు తీరిపోయి ఉంటుంది. విదేశాల్లో కొన్న గ్రీన్ కార్డు బీమా ఇక్కడ పనికిరాదు. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ లేకుండా గేటు దాటకూడదు. ఆన్‌లైన్‌లో తీసుకునేటప్పుడు పాలసీ ఏ తేదీన ఏ గంటకు మొదలవుతుందో చూసుకోండి, కొన్నది ఆ నిమిషం నుంచే అమల్లోకి రాదు. అందుకని ఓడ చేరకముందే కొని పెట్టుకోవాలి. కాలుష్య ధ్రువపత్రం బండి ఉంటేనే ఇస్తారు కాబట్టి మొదటి బంకులోనే చేయించుకోండి.

చెన్నై నుంచి హైదరాబాద్‌కు ఒంగోలు దాకా ఎన్‌హెచ్ 16, అక్కణ్నుంచి అద్దంకి, మిర్యాలగూడ, నార్కెట్‌పల్లి మీదుగా రావడం విజయవాడ చుట్టి రావడం కంటే దగ్గర. గోడౌన్ పని ముగిసేసరికి సాయంత్రం నాలుగవుతుంది. ఆ పూటే బయల్దేరాలన్న తొందర వద్దు. లైట్లు లేకుండా అంచున ఆగిన లారీలు, డివైడర్ చీలికల్లోంచి ఎదురొచ్చే ట్రాక్టర్లు, ఏడాదిపాటు ఇవేవీ చూడని కళ్లు. రాత్రి చెన్నైలోనే పడుకుని తెల్లవారుజామున కదిలితే మధ్యాహ్నం భోజనానికి ఒంగోలు, చీకటి పడేసరికి ఇల్లు. టోల్‌గేట్ల దగ్గర ఎడమ చివర సందులోంచి రావాలి, బైకుకు రుసుము లేదు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీదికి మాత్రం బైకులు ఎక్కకూడదు, సర్వీసు రోడ్డే.

ఇంటికి చేరిన వారంలోనే కార్నెట్ పని ముగించండి. అన్ని పేజీలూ రెండువైపులా రంగుల్లో స్కాన్ చేసి పెట్టుకుని, అసలు పుస్తకాన్ని రసీదు వచ్చే పద్ధతిలో అసోసియేషన్‌కు పంపండి. ఎక్కడైనా నిష్క్రమణ ముద్ర తప్పిపోయి ఉంటే పుస్తకం చివర ఉండే సర్టిఫికెట్ ఆఫ్ లొకేషన్ పేజీ అందుకే ఉంది. బండి ఇప్పుడు భారత్‌లో ఉందని కస్టమ్స్ అధికారి చూసి, ఛాసిస్ నంబరు సరిపోల్చి సంతకం చేయాలి. దీన్ని పెట్టె విప్పిన రోజు, అధికారి బండి ముందు నిలబడి ఉన్నప్పుడే అడిగితే ఐదు నిమిషాల పని. తర్వాత బండేసుకుని కస్టమ్స్ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. అసోసియేషన్ నుంచి డిశ్చార్జి లేఖ రాగానే బ్యాంకులో ఇచ్చి, కార్నెట్ కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద తీసుకున్న గ్యారంటీని రద్దు చేయించుకోండి. అది జరిగేదాకా ఆ ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద చేయి వేయలేరు. గ్యారంటీ కమీషన్ కూడా బ్యాంకు వసూలు చేస్తూనే ఉంటుంది.